విడివిడిగా బూట్ చేసిన రెయిడ్-1 డిస్కులను మళ్లీ కలపడం ఎలా? రెండు రోజుల పట్టీలు మాయం, అర్జెంట్

మిర్చి_మేనల్లుడు | మంగళవారం, రాత్రి 10:52

అందరికీ నమస్కారం. చాలా టెన్షన్‌లో రాస్తున్నా, పొడుగైతే ఏమీ అనుకోకండి.

గుంటూరు మిర్చి యార్డులో మా మేనమామకి కమీషన్ కొట్టు ఉంది. కొట్లో చిన్న డెబియన్ సర్వర్, అందులో 1 టీబీ డిస్కులు రెండు, లైనక్స్‌లో డిస్కులు జతకట్టే ఎండీఏడీఎంతో రెయిడ్-1 (ఒకే డేటా రెండింట్లోనూ పడుతుంది). దాని మీద సాంబా షేర్ (మిగతా కంప్యూటర్లకి కనిపించే ఫోల్డర్), ఆ షేర్‌లో ట్యాలీ లెక్కల డేటా. రైతులకి ఇచ్చే పట్టీలు, అంటే అమ్మకం లెక్క కాగితాలు, కొట్టేది అందులోనే. నాలుగేళ్ల కిందట పెట్టింది నేనే. ఉండేది హైదరాబాద్‌లో కాబట్టి, పండక్కి వెళ్లినప్పుడు దుమ్ము దులపడం తప్ప దాన్ని ముట్టుకున్నది లేదు.

గురువారం రాత్రి కరెంటు మూడుసార్లు పోయి వచ్చింది. శుక్రవారం పొద్దున మెషిన్ లేవలేదు. ఫోన్లో నేను చెప్పినట్టు కొట్లో కుర్రాడు ఒక డిస్కు కేబుల్ పీకేశాడు, లేచింది. ఆ రోజు పనంతా ఆ ఒక్క డిస్కు మీదే. శనివారం నేను వెళ్లి కేబుళ్లు మార్చి, ఓ పదిసార్లు రీబూట్ చేసి చూశా. ఆదివారం, రెండోది బతికే ఉందో లేదో చూద్దామని మొదటిది పీకి, రెండోది ఒక్కటే పెట్టి బూట్ చేశా. అదీ లేచింది. బస్సుకి టైమైందని అలాగే వదిలేసి వచ్చేశా. సోమ, మంగళవారాలు కొట్టు దాని మీదే నడిచింది.

ఇవాళ రాత్రి కుర్రాడితో రెండూ పెట్టించి ఆన్ చేయించా, వాటంతటవే కలిసిపోతాయి కదా అని. ట్యాలీ తెరిస్తే సోమ, మంగళ పట్టీలు ఒక్కటీ లేవు. శుక్రవారం దగ్గర ఆగిపోయింది. అసలే సీజన్. మామ ఫోన్ వస్తోంది, ఎత్తడానికి ధైర్యం చాలట్లేదు.

లైనక్స్_తాతయ్య | రాత్రి 11:06

బాబూ, ముందు సాంబా ఆపు. ట్యాలీ ఎవరూ తెరవకూడదు. "యాడ్" అనే మాట ఉన్న కమాండ్ ఏదీ కొట్టకు.

పోయాయని అనుకోవద్దు. నువ్వు చెప్పినదాన్ని బట్టి రెండు రోజుల పట్టీలు రెండో డిస్కులో అలాగే ఉన్నాయి, ప్రస్తుతం నీకు కనిపిస్తున్నది మొదటి డిస్కు, అంతే. ఎస్‌ఎస్‌హెచ్ (దూరం నుంచి లాగిన్) ఉంటే ప్రాక్ కింద ఎండీస్టాట్ ఫైల్ అరే (డిస్కుల జట్టు) గురించి ఏం చూపిస్తోందో, రెండు డిస్కుల పార్టిషన్ల మీద ఎండీఏడీఎం ఎగ్జామిన్ ఏం చెబుతోందో పెట్టు. ఆ రెండూ చదవడమే తప్ప రాయవు, భయం లేదు. (కమాండ్లు ఇక్కడ తెలుగులో రాస్తున్నాం, టెర్మినల్‌లో ఇంగ్లీషులోనే కొట్టు.)

స్పీడ్_శీను | రాత్రి 11:10

ఇంత హడావుడి ఎందుకన్నా? రెండో డిస్కుని రీ-యాడ్ కొట్టు (పాత జట్టులోకి తిరిగి చేర్చెయ్). బిట్‌మ్యాప్ ఉంటే అరనిమిషంలో సింక్ అయిపోద్ది. నేను ఆఫీసులో ఎన్నిసార్లు చేశానో.

లైనక్స్_తాతయ్య | రాత్రి 11:13

శీనూ, ఆగు. మేనల్లుడూ, ఆ సలహా ఇప్పుడు వద్దు. ఎందుకో తర్వాత చెబుతా, ముందు అవుట్‌పుట్ రానీ.

మిర్చి_మేనల్లుడు | రాత్రి 11:31

సాంబా ఆపేశా. ఇదిగో:

ఎండీ0: యాక్టివ్ రెయిడ్1, ఎస్‌డీఏ2, [యూ_]
ఎండీ127: ఇన్‌యాక్టివ్, ఎస్‌డీబీ2 (ఎస్)

ఎస్‌డీఏ2: ఈవెంట్స్ 48390, అప్‌డేట్ టైమ్ ఇవాళ రాత్రి, అరే స్టేట్ "ఏ."
ఎస్‌డీబీ2: ఈవెంట్స్ 47912, అప్‌డేట్ టైమ్ ఇవాళ సాయంత్రం 6:40, అరే స్టేట్ ".ఏ"

రెండింటికీ అరే యూయూఐడీ ఒకటే. మెటాడేటా 1.2. బిట్‌మ్యాప్ ఉంది.

లైనక్స్_తాతయ్య | రాత్రి 11:58

హమ్మయ్య. అదృష్టవంతుడివి.

అరే స్టేట్ చూడు. మొదటి డిస్కు "నేను ఉన్నా, రెండోవాడు లేడు" అంటోంది. రెండోది "నేను ఉన్నా, మొదటివాడు లేడు" అంటోంది. ఒకే ఇంటి పేరు పెట్టుకుని ఎవరికి వారు వేరు కాపురం పెట్టేశారు. దీన్నే స్ప్లిట్ బ్రెయిన్ అంటారు. ఎండీఏడీఎం ఇద్దరినీ ఒక గదిలోకి తోయకుండా ఒకరిని ఎండీ127 పేరుతో బయట కూర్చోబెట్టింది. దాని పని అది సరిగ్గానే చేసింది.

మరి లోపలికి మొదటిదాన్నే ఎందుకు తీసుకుంది? ఈవెంట్స్ లెక్క ఎక్కువ కాబట్టి. ఇక్కడే చాలామంది పప్పులో కాలేస్తారు. ఈవెంట్స్ అంటే ఎంత డేటా రాశాం అన్న లెక్క కాదు. అరే స్థితి మారి సూపర్‌బ్లాక్ (డిస్కులో అరే వివరాలు రాసుకునే చోటు) తిరగరాసినప్పుడల్లా పెరిగే అంకె అది. కాసేపు రాతలు లేకపోతే "క్లీన్", మళ్లీ ఒక రాత పడితే "యాక్టివ్", ఇలా మారినప్పుడల్లా పెరుగుతుంది. నువ్వు శనివారం చేసిన పది రీబూట్లు, రాత్రంతా ఊరికే ఆన్‌లో ఉండటం, అన్నీ కలిసి మొదటిదాని అంకె పెంచాయి. రెండోది రెండు రోజులు నిజంగా పని చేసినా అంకెలో వెనకబడింది. డేటా ఎక్కువున్న డిస్కు, ఈవెంట్స్ ఎక్కువున్న డిస్కు ఒకటే కావాలని రూలేమీ లేదు.

కాబట్టి ఏ డిస్కు నెగ్గాలో మెషిన్ తేల్చలేదు. మీ మామయ్యే తేల్చాలి. ఇప్పుడు మెషిన్ షట్‌డౌన్ చేయించి పడుకో.

ఇంకోటి. ఎస్‌డీఏ, ఎస్‌డీబీ అనే పేర్లు నమ్మకు. కేబుల్ మారితే, ఒక్కోసారి ఊరికే బూట్ చేసినా అటూ ఇటూ అవుతాయి. పొద్దున్నే డిస్కుల మీద సీరియల్ నంబర్ చూసి గుర్తులు పెట్టించు.

స్పీడ్_శీను | బుధవారం, ఉదయం 7:20

తాతయ్య గారూ, వాదన కాదు, అర్థం చేసుకుందామని అడుగుతున్నా. ఏదో ఒక డిస్కు నెగ్గాలి సరే. నెగ్గింది తేలాక ఓడినదాన్ని రీ-యాడ్ చేస్తే తప్పేంటి? బిట్‌మ్యాప్ తేడాలే కాపీ చేస్తుంది కదా?

లైనక్స్_తాతయ్య | ఉదయం 8:02

మంచి ప్రశ్న. ఇద్దరు గుమస్తాలు, చెరో చిట్టా, రెండూ అచ్చం ఒకేలా ఉన్నాయనుకో. ఒకడు సెలవు మీద ఊరెళ్లాడు, చిట్టా సంచిలో పెట్టుకునే వెళ్లాడు. కొట్లో ఉన్నవాడు "నువ్వు వెళ్లాక నేను 14, 22, 90 పేజీలు దిద్దాను" అని ఒక చీటీ రాసి ఉంచాడు. ఆ చీటీయే బిట్‌మ్యాప్. ఊరెళ్లినవాడు చిట్టా తెరవకుండా తిరిగొస్తే ఆ మూడు పేజీలు ఎక్కించుకుంటే చాలు. నువ్వు ఆఫీసులో చేసిన రీ-యాడ్‌లన్నీ ఇలాంటివే, అందుకే ఏమీ కాలేదు.

కానీ ఊరెళ్లినవాడు అక్కడ కూర్చుని 55, 61 పేజీలు తన ఇష్టం వచ్చినట్టు దిద్దుకుంటే? కొట్లో ఉన్న చీటీలో 55, 61 లేవు. రీ-యాడ్ 14, 22, 90 మాత్రమే కాపీ చేసి, అయిపోయింది, [యూయూ] (రెండూ ఉన్నాయి) అని చూపిస్తుంది. 55వ పేజీ ఒక డిస్కులో ఒకలా, ఇంకో డిస్కులో ఇంకోలా మిగిలిపోతుంది. రెయిడ్-1 చదివేటప్పుడు ఏ డిస్కు ఖాళీగా ఉంటే దాన్నుంచి చదువుతుంది కాబట్టి, ఒకే ఫైల్ పొద్దున ఒకలా, మధ్యాహ్నం ఇంకోలా కనిపించవచ్చు.

పైగా ఇంకో మెలిక. నువ్వు రీ-యాడ్ అనకుండా మామూలు యాడ్ అన్నా, ఆ డిస్కు ఈ మధ్యే ఇదే అరేలో ఉన్నట్టు కనిపిస్తే ఎండీఏడీఎం ముందు రీ-యాడే ప్రయత్నిస్తుంది. మాన్ పేజీలోనే (కమాండ్ మాన్యువల్‌లోనే) ఉంది. అందుకని ఓడిన డిస్కు సూపర్‌బ్లాక్ తుడిచేసి (జీరో-సూపర్‌బ్లాక్), కొత్త డిస్కులా యాడ్ చేయాలి. అప్పుడే మొదటి బ్లాక్ నుంచి చివరి బ్లాక్ దాకా కాపీ అవుతుంది. అరనిమిషం కాదు, గంటలు పడుతుంది. పట్టనీ.

స్టూడియో_బాబాయ్ | ఉదయం 9:15

రాజమండ్రిలో ఫోటో స్టూడియో మాది. తాతయ్య గారు చెప్పిన "పొద్దున ఒకలా, మధ్యాహ్నం ఇంకోలా" మేం కళ్లారా చూశాం, అదీ లైనక్స్ కాదు, విండోస్.

మదర్‌బోర్డు రెయిడ్ వాడేవాళ్లం, బయోస్‌లో పెట్టేది. సీమాస్ బ్యాటరీ చచ్చి బయోస్ సెట్టింగులు మొదటికొచ్చాయి. రెయిడ్ మోడ్ పోయి ఏహెచ్‌సీఐ (డిస్కులు విడివిడిగా నడిచే మోడ్) అయింది. విండోస్ ఒక డిస్కు నుంచి మామూలుగానే లేచింది, మాకేం తెలుసు? మూడు వారాలు పెళ్లి ఆల్బమ్‌లు అలాగే చేశాం. తర్వాత వచ్చిన కుర్రాడు బ్యాటరీ మార్చి మోడ్ మళ్లీ రెయిడ్‌కి తిప్పాడు. స్క్రీన్ మీద రెండు డిస్కులూ "నార్మల్" అని చూపించింది. ఆ మూడు వారాలూ రెయిడ్ డ్రైవర్ లేనే లేదు కదా, తేడా వచ్చిందని రాసి పెట్టేవాడెవడు?

ఆ సాయంత్రం నుంచి ఒక ఫోల్డర్ తెరిస్తే ఉంటుంది, రిఫ్రెష్ కొడితే ఉండదు. ఒక ఫోటోలో పైసగం పెళ్లికూతురు, కిందిసగం బూడిదరంగు. చెక్‌డిస్క్ నడిపితే అది రెండు డిస్కుల ఖిచిడీని "రిపేర్" చేసి ఉన్నదీ పాడు చేసింది. చివరికి ఒక డిస్కు పీకి, దాన్నుంచి దొరికింది కాపీ చేసుకుని, మిర్రర్ మొదటినుంచి కట్టాం. రెండు పెళ్లిళ్ల రా ఫైళ్లు కార్డుల్లో ఉండబట్టి మాట దక్కింది.

లైనక్స్_తాతయ్య | ఉదయం 9:40

బాబాయ్ గారిది అన్నిటికంటే చెడ్డ కేసు. మేనల్లుడి డిస్కులు కనీసం "అవతలివాడు లేడు" అని రాసుకున్నాయి. అక్కడ ఆ రాత కూడా లేదు. లైవ్ యూఎస్‌బీతో (పెన్‌డ్రైవ్ నుంచే నడిచే లైనక్స్‌తో) బూట్ చేసి ఒక డిస్కు పార్టిషన్‌ని నేరుగా మౌంట్ చేసి రాసినా ఇదే జరుగుతుంది, ఎండీకి (లైనక్స్ రెయిడ్‌కి) కబురే ఉండదు.

నేను సన్ కంపెనీ మెషిన్ల మీద పనిచేసిన రోజుల్లో వాటి ఓఎస్ సొలారిస్‌లో మెటాడీబీ అని ఉండేది. మిర్రర్ స్థితిని రాసుకునే కాపీలు. అన్ని కాపీల్లో సగానికి మించి దొరికితే తప్ప మామూలుగా బూట్ అయ్యేది కాదు. డిస్కులు రెండే కాబట్టి ఒకటి పీకితే సరిగ్గా సగం, సింగిల్ యూజర్‌లో (మరమ్మతు మోడ్‌లో) ఆగి మన మొహం చూసేది. అర్ధరాత్రి ఎంత తిట్టుకునేవాళ్లమో. అది అలా మొండికేయబట్టే రెండు డిస్కులూ విడివిడిగా లేచి వేరు కాపురాలు పెట్టే అవకాశం ఉండేది కాదు.

జెడ్‌పూల్_జగ్గు | ఉదయం 10:05

జెడ్‌ఎఫ్‌ఎస్ అనే ఫైల్ సిస్టమ్ అయితే బ్లాక్ బ్లాక్‌కీ చెక్‌సమ్ (డేటా సరిచూసుకునే అంకె) ఉంటుంది, స్క్రబ్ చేస్తే (అంతా చదివి సరిచూస్తే) ఏది తప్పో దానికి తెలుస్తుంది. ఎండీకి తేడా ఉందని మాత్రమే తెలుసు, ఏది తప్పో తెలీదు. అలాగని చెక్‌సమ్‌లున్న ఇంకో ఫైల్ సిస్టమ్ బీటీఆర్‌ఎఫ్‌ఎస్ రెయిడ్-1ని మాత్రం రెండు వైపులా డీగ్రేడెడ్‌గా (ఒక్క డిస్కుతో) మౌంట్ చేసి, రాసి, మళ్లీ కలపకండి. చెక్‌సమ్‌లు ఉన్నా దాన్ని తట్టుకోలేదు.

మిర్చి_మేనల్లుడు | మధ్యాహ్నం 1:48

గుంటూరు వచ్చేశా. గుర్తులు పెట్టమన్నారని పొద్దున మామకి చెప్పా. మార్కర్ దొరకలేదంట, దేవుడి గూట్లోంచి తెచ్చి శుక్రవారం నడిచిన డిస్కుకి పసుపు, సోమ, మంగళ నడిచిన డిస్కుకి కుంకుమ పెట్టేశాడు. కాబట్టి ఇకనుంచి పసుపు డిస్కు, కుంకుమ డిస్కు.

కొత్త సంగతి ఒకటి తెలిసింది. మా గుమస్తా సోమవారం పొద్దున ట్యాలీ తెరిచినప్పుడు పట్టీ నంబర్లు వెనక్కి వెళ్లినట్టు చూశాడట. గురువారం ఆఖరి నంబర్ 2216. శుక్రవారం 41 పట్టీలు కొట్టాడు, అంటే 2257 దాకా వెళ్లాలి. సోమవారం మళ్లీ 2217 వచ్చింది. "ఎవరో డిలీట్ చేశారేమో, పెద్దాయన్ని అడిగితే తిడతాడు" అని మాట్లాడకుండా కొట్టుకుంటూ పోయాడు. రెండు రోజుల్లో 163 పట్టీలు. అంటే ఒకే నంబర్‌తో శుక్రవారం ఒక రైతుకి, సోమవారం ఇంకో రైతుకి కాగితాలు వెళ్లాయి.

ట్యాలీ_టీచరమ్మ | మధ్యాహ్నం 2:20

తమ్ముడూ, ట్యాలీ కంపెనీ ఫోల్డర్‌లో (10000 అనో 10001 అనో ఉంటుంది చూడు) ఒక డిస్కు నుంచి కొన్ని ఫైళ్లు, ఇంకో డిస్కు నుంచి కొన్ని తెచ్చి కలపాలని అసలు ప్రయత్నించొద్దు. ఆ ఫైళ్లన్నీ ఒకదానికొకటి ముడిపడి ఉంటాయి, కంపెనీయే తెరుచుకోదు. ఫోల్డర్ మొత్తం కుంకుమ డిస్కుది తీసుకో, 163 పెద్దది కదా. శుక్రవారం 41ని పసుపు డిస్కు కాపీలో డే బుక్ తెరిచి ఎక్స్‌ఎంఎల్‌గా ఎక్స్‌పోర్ట్ చేసి, ఇందులోకి ఇంపోర్ట్ చేయొచ్చు. కానీ నంబర్లు గుద్దుకుంటాయి కాబట్టి ముందు డమ్మీ కాపీలో చేసి చూడు.

లైనక్స్_తాతయ్య | మధ్యాహ్నం 2:45

టీచరమ్మ చెప్పింది సబబు. ఇక డిస్కుల పని. ఎప్పుడూ ఒక్క డిస్కే తగిలించి చెయ్, రెండూ ఒకేసారి వద్దు.

లైవ్ యూఎస్‌బీతో లేపి, ముందు కుంకుమని డీడీరెస్క్యూతో ఎక్స్‌టర్నల్ డిస్కులోకి మొత్తం ఇమేజ్ తీయ్. తర్వాత పసుపు పెట్టి దాన్నీ ఇమేజ్ తీయ్. ట్యాలీ ఫోల్డర్లు చూసుకోవాలంటే అరేని రీడ్-ఓన్లీగా అసెంబుల్ చేసి, ఈఎక్స్‌టీ4 ఫైల్ సిస్టమ్‌ని ఆర్‌ఓ (రీడ్-ఓన్లీ) తో పాటు నోలోడ్ (జర్నల్ ముట్టుకోవద్దు) కూడా ఇచ్చి మౌంట్ చెయ్. ఉట్టి ఆర్‌ఓ ఇస్తే జర్నల్ రీప్లే (మధ్యలో ఆగిన రాతలు పూర్తి చేయడం) పేరుతో డిస్కు మీద రాయొచ్చు, చాలామందికి ఈ సంగతి తెలీదు.

రెండు కాపీలూ చేతికొచ్చాక, పసుపు ఒక్కటే తగిలించి ఉన్నప్పుడే దాని సూపర్‌బ్లాక్ తుడిచెయ్. ఎంటర్ కొట్టేముందు సీరియల్ నంబర్ గట్టిగా చదువు. తుడవకుండా రెండూ పెట్టి బూట్ చేస్తే ఈవెంట్స్ ఎక్కువున్న పసుపే మళ్లీ గెలుస్తుంది, నిన్న రాత్రి కథ మళ్లీ మొదలు.

మిర్చి_మేనల్లుడు | గురువారం, ఉదయం 6:12

రాత్రంతా కొట్లోనే. మిరప ఘాటుకి తుమ్ములు తప్ప అంతా బాగానే జరిగింది.

ఇమేజ్‌లు రెండూ తీశా. పసుపు, కుంకుమ షేర్ ఫోల్డర్లని ఆర్‌సింక్ డ్రై రన్‌తో (కాపీ చేయకుండా తేడాలే చూపిస్తుంది) పోల్చా. ట్యాలీ కాకుండా శుక్రవారం స్కాన్ చేసిన లారీ రసీదులు 9 పసుపులో మాత్రమే ఉన్నాయి, కాపీ చేసి పెట్టుకున్నా. స్మార్ట్ (డిస్కు ఆరోగ్యం) రిపోర్ట్ రెండింటికీ క్లీన్, అంటే డిస్కులు చెడలేదు, గురువారం రాత్రి లూజైంది పాత సాటా కేబులే అనుకుంటా.

జీరో-సూపర్‌బ్లాక్ కొట్టేముందు సీరియల్ మూడుసార్లు చదివా. రెండోసారి చదువుతుంటే మామ టీ పట్టుకుని వెనకే నిలబడి "పసుపేనా?" అన్నాడు. పసుపే.

తర్వాత రెండూ పెట్టి బూట్ చేస్తే ఎండీ0 ఒక్కటే వచ్చింది, కుంకుమతో, [_యూ]. సోమ, మంగళ పట్టీలు కళ్లముందున్నాయి. అప్పుడు పసుపుని యాడ్ కొట్టా. "రీ-యాడెడ్" అనకుండా "యాడెడ్" అంది. రికవరీ 2 గంటల 50 నిమిషాలు పట్టింది.

శుక్రవారం పట్టీలకి ఎక్స్‌ఎంఎల్ అవసరం రాలేదు. గుమస్తా "41 పట్టీలేగా, కార్బన్ కాపీలున్నాయి, నేనే కొడతా" అని ఆరున్నరకే వస్తున్నాడు. నంబర్ చివర ఎఫ్ తగిలించి కొడతాడట.

స్పీడ్_శీను | ఉదయం 11:30

తాతయ్య గారి మాట నమ్మక కాదు గానీ, రాత్రి వర్చువల్ మెషిన్‌లో చేసి చూశా. డిస్కుల్లా వాడే చిన్న లూప్ ఫైళ్లు రెండు, బిట్‌మ్యాప్‌తో రెయిడ్-1. విడదీసి, చెరోదాంట్లో వేరే ఫైళ్లు రాసి, రీ-యాడ్ కొట్టా. కన్నుమూసి తెరిచేలోగా [యూయూ]. సింక్ యాక్షన్‌కి చెక్ ఇస్తే (రెండూ పోల్చమంటే) మిస్‌మ్యాచ్ కౌంట్ (తేడాల లెక్క) వేలల్లో వచ్చింది. సరే రిపేర్ ఇద్దామని ఇచ్చా, కౌంట్ పోయింది, దాంతోపాటు ఒక ఫైల్ కూడా పోయింది.

ఆఫీసులో రెండు సర్వర్లకి ఇప్పుడు చెక్ నడుపుతున్నా. ఏం వస్తుందో.

లైనక్స్_తాతయ్య | మధ్యాహ్నం 12:10

రిపేర్ అంటే రెయిడ్-1లో ఒక డిస్కుది తీసుకుని ఇంకోదాని మీద రాసేయడమే. ఏది నిజమో దానికేం తెలుసు? స్వాప్ (ర్యామ్ చాలనప్పుడు వాడే డిస్కు భాగం) ఉన్న అరేలో కౌంట్ సున్నా రాకపోతే మాత్రం కంగారు పడకు, స్వాప్ వల్ల అలా రావడం మామూలే.

కొత్త_సభ్యుడు_22 | మధ్యాహ్నం 3:33

సార్, చిన్న డౌట్. ఈఎఫ్‌ఐ పార్టిషన్‌ని (బూట్ ఫైళ్లు ఉండేదాన్ని) కూడా రెయిడ్-1లో పెట్టొచ్చా?

లైనక్స్_తాతయ్య | సాయంత్రం 4:05

మెటాడేటా 1.0 అయితే సూపర్‌బ్లాక్ చివర్లో ఉంటుంది, ఫర్మ్‌వేర్‌కి మామూలు ఫ్యాట్ పార్టిషన్‌లా కనిపిస్తుంది, కాబట్టి బూట్ అవుతుంది. కానీ ఫర్మ్‌వేర్ ఏదైనా ఒకదాని మీద రాస్తే ఎండీకి తెలీదు, బాబాయ్ గారి స్టూడియో కథే. నేనైతే రెండు డిస్కుల్లో రెండు వేర్వేరు ఈఎఫ్‌ఐ పార్టిషన్లు పెట్టి, రెండింటిలోనూ గ్రబ్ (బూట్‌లోడర్) ఇన్‌స్టాల్ చేస్తా. మేనల్లుడూ, నీది చూసుకున్నావా?

మిర్చి_మేనల్లుడు | రాత్రి 9:20

చూశా. రెండింటిలోనూ ఉంది, అందుకే గదా రెండూ అంత హాయిగా విడివిడిగా లేచాయి!

చెక్ ఇప్పుడే ముగిసింది, మిస్‌మ్యాచ్ కౌంట్ 0. కొత్త సాటా కేబుళ్లు వేశా, యూపీఎస్ బ్యాటరీకి ఆర్డర్ ఇచ్చా.

ఆఖరున ఎందుకో రూట్ యూజర్ మెయిల్‌బాక్స్ తెరిచా. నాలుగేళ్లలో ఎప్పుడూ తెరవలేదు. కుంకుమ డిస్కు ఒక్కటే పెట్టిన ఆదివారం నుంచి బూట్ అయినప్పుడల్లా "డీగ్రేడెడ్ అరే ఈవెంట్" (జట్టులో డిస్కు తగ్గింది) అని ఒక్కో మెయిల్, వరసగా. పాపం ఎండీఏడీఎం చెబుతూనే ఉంది, మెయిల్ అడ్రస్ దగ్గర నేను రూట్ అని వదిలేశా. ఇప్పుడు నా జీమెయిల్ పెట్టి టెస్ట్ మెయిల్ పంపించా.

స్పామ్‌లో పడింది.